పిల్లల ఆటస్థలంలో ఏ నేల వేయాలి: ఇసుక, రబ్బరు, గడ్డి

అపార్ట్‌మెంట్ సంఘమైనా, ప్రైవేటు పాఠశాల అయినా, పంచాయతీ పార్కు అయినా పిల్లల ఆటస్థలానికి డబ్బు కేటాయించేటప్పుడు ముందు చూసేది జారుడుబల్ల రంగు, ఉయ్యాలల సంఖ్య. నేల సంగతి చివర్లో, మిగిలిన డబ్బును బట్టి తేలుతుంది. చాలాచోట్ల అదీ ఉండదు. అప్పటికే పరిచి ఉన్న పేవర్ బ్లాకుల మీదే పరికరాలు బిగించేస్తారు. కానీ ఆటస్థలంలో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పరికరం మీద నుంచి నేల మీద పడటం వల్లే తగులుతాయి. అమెరికాలో ఆటస్థలాల్లో గాయపడి ఏటా 2 లక్షల మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్తున్నారు. అక్కడి లెక్కల్లోనూ పడిపోవడమే మొదటి కారణం. కాబట్టి నేలను కూడా ఒక పరికరంగానే చూడాలి. బడ్జెట్ వేసేటప్పుడే దానికి డబ్బు పక్కన పెట్టాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పరికరాల ఎత్తు తక్కువగా ఉండి, సొంత నేల ఉండి, వారానికి కనీసం రెండుసార్లు పారపట్టి సరిచేసే మనిషి ఉంటే, లోతుగా పోసిన మంచి నది ఇసుకే మన ఊళ్లకు మేలైన ఎంపిక. ఆ మనిషి దొరకకపోయినా, ఆటస్థలం సెల్లార్ స్లాబు మీద ఉన్నా, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలున్నా రబ్బరుకు వెళ్లాలి. అయితే ఎత్తుకు తగిన మందంతోనే వేయించాలి. పలుచటి రబ్బరు టైల్స్, కాంక్రీటు మీద పరిచిన కృత్రిమ గడ్డి, పేవర్ బ్లాకులు, గట్టిపడిన మట్టి పిల్లలు ఎక్కే ఏ పరికరం కిందా ఉండకూడదు.

ముందు కొలవాల్సింది ఎత్తు

ఏ నేల మంచిదో తేలాలంటే బిడ్డ ఎంత ఎత్తు నుంచి పడగలదో తెలియాలి. జారుడుబల్లకైతే పైన పిల్లలు నిలబడే అరుగు ఎత్తు లెక్కలోకి వస్తుంది. ఎక్కే నిచ్చెనలకు, చేతులతో పట్టుకుని వేలాడే కమ్మీలకు అన్నిటికంటే పై భాగం ఎత్తు చూడాలి. ఉయ్యాల దగ్గర చాలామంది కూర్చునే పీట ఎత్తును కొలుస్తారు, అది తప్పు. ఊగు పెరిగేకొద్దీ బిడ్డ పైకి లేస్తుంది. అందుకే అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ తన మార్గదర్శకాల్లో ఉయ్యాల గొలుసు వేలాడే పై కడ్డీ ఎత్తునే పడే ఎత్తుగా తీసుకోమంటుంది. పై కడ్డీ 8 అడుగుల్లో ఉంటే, నేల కూడా 8 అడుగుల నుంచి పడినా కాపాడేలా ఉండాలి. మన కాలనీల్లో ఉండే చాలా ఉయ్యాలలకు ఈ ఒక్క లెక్కతోనే నేల చాలదని తేలుతుంది.

ఎత్తుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, 1.5 మీటర్ల నుంచి పడిన బిడ్డ తల నేలను తాకేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. 3 మీటర్ల నుంచైతే 27 దాటుతుంది. ఆ వేగం సున్నాకు రావడానికి నేల ఎంత దూరం ఇస్తుందన్నదే దెబ్బ తీవ్రతను నిర్ణయిస్తుంది. 1.5 మీటర్ల నుంచి పడి ఒక సెంటీమీటరులో ఆగితే తల మీద సగటున గురుత్వాకర్షణకు 150 రెట్ల బలం పడుతుంది. పది సెంటీమీటర్లలో ఆగితే 15 రెట్లే. కాంక్రీటు ఆ ఒక్క సెంటీమీటరు కూడా ఇవ్వదు.

నేల పరుపులను పరీక్షించే ప్రమాణాలు ఈ లెక్క మీదే నిలబడ్డాయి. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్1292, ఐరోపాలో ఈఎన్ 1177 వాడతారు. తల ఆకారంలో ఉన్న బరువైన గోళాన్ని వేర్వేరు ఎత్తుల నుంచి నేల మీదికి వదిలి, లోపలి పరికరంతో దెబ్బను కొలుస్తారు. అత్యధిక బలం 200 జీ, అంటే గురుత్వాకర్షణకు 200 రెట్లు, దాటకూడదు. తలకు గాయమయ్యే ముప్పును లెక్కకట్టే హెచ్‌ఐసీ అనే సంఖ్య 1000 దాటకూడదు. ఈ రెండు హద్దుల్లో ఉంటూ ఎంత ఎత్తు వరకు వదలగలిగారో ఆ ఎత్తునే క్రిటికల్ ఫాల్ హైట్ అంటారు. అమ్మేవారు ఇచ్చే పరీక్ష ధ్రువపత్రంలో మీరు చూడాల్సింది ఆ ఒక్క సంఖ్య. దాని పక్కన ఏ మందానికి ఆ ఫలితం వచ్చిందో రాసి ఉండాలి. మందం రాయని ధ్రువపత్రం మీకు పనికిరాదు.

పరుపు ఎంత మేర ఉండాలన్నదీ ముఖ్యమే. పరికరం చుట్టూ అన్ని వైపులా కనీసం 6 అడుగులు ఉండాలి. ఉయ్యాలకు ముందు వెనుకలు అంతకంటే ఎక్కువ కావాలి. పై కడ్డీ ఎత్తుకు రెట్టింపు దూరం ముందు, అంతే దూరం వెనుక వదలాలి. 8 అడుగుల ఉయ్యాలకు ముందు 16, వెనుక 16, మొత్తం 32 అడుగుల పొడవున పరుపు కావాలి. చిన్న అపార్ట్‌మెంట్లలో అంత స్థలం ఉండదు. అలాంటి చోట పరుపు కుదించి ఉయ్యాల పెట్టడం కంటే ఉయ్యాల మానేసి, ఎత్తు తక్కువ జారుడుబల్ల పెట్టడమే సరైన పని.

ఇసుక

ఇసుక గింజలు ఒకదాని మీద ఒకటి జారి పక్కకు తప్పుకుంటాయి. అలా జరుగుతూనే పడిన శరీరాన్ని మెల్లగా ఆపుతాయి. కుస్తీ గోదాలో మట్టిని రోజూ తవ్వి గుల్లగా ఉంచేది ఇందుకే. గుల్లగా ఉన్నంతసేపే ఇసుక పనిచేస్తుంది.

అన్ని ఇసుకలూ ఇందుకు పనికిరావు. గుండ్రటి గింజలున్న, కడిగిన నది ఇసుక కావాలి. ఐరోపా ప్రమాణం గింజ సైజు 0.2 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలంటుంది. మట్టి, దుమ్ము లేకుండా ఉండాలి. ఇప్పుడు నిర్మాణాలకు వాడే రోబో శాండ్ రాతిని పిండి చేసి తీసినది. దాని గింజలకు కోణాలుంటాయి, రాతి పొడి కలిసి ఉంటుంది. నాలుగు వానలు పడేసరికి అది గట్టిగా దిమ్మిసలా తయారవుతుంది. భవనం కట్టగా మిగిలింది కదా అని దాన్నే గుంతలో పోయడం చాలాచోట్ల జరుగుతోంది, దయచేసి ఆ పని చేయకండి. తీర ప్రాంతాల్లో సముద్రపు ఇసుక దగ్గర్లో దొరికినా వద్దు. అందులోని ఉప్పు పరికరాల ఇనుప కాళ్లను తినేస్తుంది.

లారీ దింపకముందే ఇసుకను పరీక్షించవచ్చు. ఒక గాజు సీసాలో సగం వరకు ఇసుక వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి చేరుతుంది, దాని మీద ఒండ్రు పొరగా నిలుస్తుంది. ఆ పొర పలుచగా గీతలా ఉంటే ఫర్వాలేదు. వేలి మందం ఉంటే లారీ వెనక్కి పంపండి. తడి ఇసుకను పిడికిట బిగించి వదిలినప్పుడు అరచేయి బురదగా మిగిలినా అదే సంగతి.

లోతు విషయంలో రెండు ప్రమాణాల మధ్య తేడా ఉంది. ఐరోపా ప్రమాణం 2 మీటర్ల ఎత్తుకు 20 సెంటీమీటర్లు, 3 మీటర్లకు 30 సెంటీమీటర్ల ఇసుక చాలంటుంది. పక్కకు చెదిరిపోయే దానికి మరో 10 సెంటీమీటర్లు అదనంగా పోయమంటుంది. సీపీఎస్‌సీ మాత్రం 9 అంగుళాల ఇసుక 4 అడుగుల ఎత్తు వరకే కాపాడుతుందని చెబుతుంది. నేను కఠినంగా ఉన్న లెక్కనే పాటించమంటాను. మనకు దొరికే ఇసుక ప్రయోగశాలలో వాడినంత శుభ్రంగా ఉండదు, పైగా వానాకాలమంతా అది తడిసే ఉంటుంది. అందువల్ల ఇసుక మీద 4 అడుగుల లోపు పరికరాలే పెట్టండి. వదులుగా పోసిన ఏ పదార్థమైనా కాలక్రమంలో కనీసం నాలుగో వంతు అణిగిపోతుంది. అందుకే 9 అంగుళాలు మిగలాలంటే మొదట 12 అంగుళాలు పోయాలి.

ఇసుక ఎక్కడ విఫలమవుతుందో చూడాలంటే ఏదైనా ఉయ్యాల కిందికి వెళ్లి చూడండి. కాళ్లు నేలకు రాసుకుంటూ ఆపే చోట గుంత పడి ఉంటుంది. ఇసుక అంతా రెండు పక్కలా గట్టులా పేరుకుని ఉంటుంది. గుంత మధ్యలో కింది మట్టి నున్నగా, గట్టిగా తేలి ఉంటుంది. బిడ్డ పడేది సరిగ్గా అక్కడే. జారుడుబల్ల దిగే చోటా ఇంతే. ఇసుక పోసిన మొత్తం స్థలంలో సగటున 12 అంగుళాలు ఉన్నా, కావలసిన చోట రెండు అంగుళాలే ఉంటుంది. పరికరం కాళ్లకు వేసిన కాంక్రీటు దిమ్మె అంచు కూడా అప్పుడు బయటపడుతుంది. తల తగలడానికి అంతకంటే ప్రమాదకరమైన చోటు లేదు. అందుకే పరికరం బిగించేటప్పుడే ప్రతి స్తంభం మీద ఇసుక మట్టం ఎక్కడ ఉండాలో ఎర్ర రంగుతో గీత గీయించండి. గీత కింద ఖాళీ కనిపిస్తే ఇసుక తగ్గిందని కాపలాదారుకు కూడా తెలిసిపోతుంది. వారానికి రెండుసార్లు గట్టును గుంతలోకి లాగి, మొత్తాన్ని పారతో గుల్ల చేయాలి. నిజానికి ఇసుకకు అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఈ పనికే పోతుంది.

ఇసుక పోసే గుంత అడుగున నీరు పోయే దారి ఉండాలి. కంకర పొర, దాని మీద నీటిని వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన ఇసుక, ఇదీ వరస. ఎర్ర నేలల్లో ఇది సరిపోతుంది. నల్లరేగడిలో నీరు ఇంకదు కాబట్టి కంకరలోంచి కాలువకు గొట్టం కూడా వేయాలి. లేకపోతే వానాకాలమంతా గుంత దోమల చెరువవుతుంది. కుక్కలు, పిల్లులు ఇసుకను మరుగుదొడ్డిగా వాడుకుంటాయి, దాని వల్ల నులిపురుగుల జాతి గుడ్లు ఇసుకలో చేరతాయి. మన పిల్లలు వట్టి కాళ్లతో ఆడతారు కాబట్టి ఈ ముప్పును తేలిగ్గా తీసుకోకూడదు. రాత్రి వలగానీ టార్పాలిన్‌గానీ కప్పి, పగలు ఎండ తగిలేలా తీసేయాలి. చుట్టూ రెండడుగుల కంచె ఉంటే ఇంకా మంచిది.

ఇంత చాకిరీ ఉన్నా ఇసుక వైపు మొగ్గడానికి నాకో కారణం ఉంది. కెనడాలోని టొరంటో పాఠశాలల్లో గ్రానైట్ ఇసుకను, శుద్ధి చేసిన చెక్క పీచును పోల్చిన అధ్యయనం 2009లో వెలువడింది. ఇసుక మీద పడిన పిల్లలకు చేతులు విరగడం చాలా తక్కువగా కనిపించింది. పరీక్షలు కొలిచేది తలకు తగిలే దెబ్బనే. చేయి ఆనించి పడినప్పుడు ఎముక విరుగుతుందా లేదా అన్నది ఆ సంఖ్యల్లో కనిపించదు. ఇసుక మీద చేయి జారుతుంది, ఒకేచోట పట్టి ఆగిపోదు. తేడాకు అదే కారణమై ఉండాలని నాకనిపిస్తుంది.

రబ్బరు

రబ్బరులో రెండు రకాలున్నాయి. టైల్స్ ముందే అచ్చులో చేసి తెచ్చి పరిచేవి. పోత రబ్బరు ఉన్నచోటే కలిపి పోసేది, దాన్ని మార్కెట్లో ఈపీడీఎం అంటారు. పోత రబ్బరులో నిజానికి రెండు పొరలుంటాయి. కింద పాత టైర్ల నుంచి తీసిన నల్ల గుళికలను పాలీయూరెథేన్ జిగురుతో కలిపి పోస్తారు. దెబ్బను మింగేది ఈ పొరే. పైన కనిపించే రంగు ఈపీడీఎం పొర ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. అది అరుగుదలకు, అందానికి. ఖర్చు తగ్గించమని అడిగితే కాంట్రాక్టరు తగ్గించేది కింది పొరనే, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు. పని పూర్తయ్యాక చూస్తే 20 మిల్లీమీటర్ల నేలకూ 80 మిల్లీమీటర్ల నేలకూ పైకి తేడా ఉండదు.

తయారీదారును బట్టి మారినా, స్థూలంగా 40 మిల్లీమీటర్ల పోత రబ్బరు సుమారు 1.2 మీటర్ల ఎత్తుకే పనికొస్తుంది. 2 మీటర్లు దాటితే 70, 80 మిల్లీమీటర్లు కావాలి. వ్యాయామశాలల కోసం చేసిన 15, 20 మిల్లీమీటర్ల టైల్స్‌ను పిల్లల ఆటస్థలానికి కూడా అమ్ముతున్నారు. ఇనుప బరువులు పడినా కింది నేల పగలకుండా ఉండటానికి చేసినవి అవి. పిల్లల తలను కాపాడటానికి చేసినవి కావు. పరిచే ముందు ఒక టైల్ తీసి అంచున టేపు పెట్టి కొలవండి. పోత రబ్బరైతే పని జరుగుతున్నప్పుడే రెండు మూడు చోట్ల సన్నటి చువ్వ గుచ్చి లోతు చూడండి. ఉయ్యాల కింద తప్పకుండా చూడాలి.

మన వాతావరణంలో రబ్బరుకు అసలు శత్రువు ఎండ. మే నెలలో మధ్యాహ్నం ముదురు రంగు రబ్బరు మీద వట్టి కాలు పెట్టలేరు. రెండేళ్ల లోపు పిల్లలకు వేడి ఉపరితలం తగిలితే క్షణాల్లో చర్మం కాలే ప్రమాదముందని సీపీఎస్‌సీ హెచ్చరిస్తుంది. నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు వద్దు. లేత గోధుమ, లేత ఆకుపచ్చ లాంటివి ఎంచుకోండి. దక్షిణ, పడమర దిక్కుల్లో వేప, కానుగ చెట్లుంటే చాలా మేలు. లేకపోతే పైన నీడ వల కట్టించండి, ఆ ఖర్చును రబ్బరు ఖర్చులోనే కలిపి చూసుకోండి. పిల్లల్ని వదిలే ముందు అరచేయి నేలకు ఆనించి అయిదు లెక్కపెట్టండి. చేయి తీసేయాలనిపిస్తే సాయంత్రం దాకా ఆగాల్సిందే.

ఎండ జిగురునూ బలహీనపరుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, అంచులు లేస్తాయి, ఉయ్యాల కింద గుళికలు రాలుతాయి. టైల్స్ అతుకులు విడిపోయి, ఆ సందుల్లో కాలివేళ్లు తట్టుకుంటాయి. అందుకే నేను టైల్స్ కంటే పోత రబ్బరునే ఎంచుకుంటాను. అయితే టైల్స్‌లో ఒక సౌకర్యముంది, పాడైన దాన్ని తీసి మరోటి పెట్టవచ్చు. చిన్న ఊళ్లలో పోత రబ్బరు మరమ్మతుకు మనిషి దొరకడం కష్టం, అలాంటి చోట మందపాటి టైల్స్ వైపు మొగ్గడం సబబే. పోత పనిని వానాకాలంలో పెట్టుకోకండి. తేమ ఎక్కువైతే జిగురు నురగకట్టి పొర గుల్లబారుతుంది. దీపావళి నాడు ఆ ఆవరణకు తాళం వేయండి. ఒక్క చిచ్చుబుడ్డి చాలు, నేలకు మచ్చతో పాటు రంధ్రం కూడా పడుతుంది.

పాత టైర్ల రబ్బరులో ఉండే, కొన్ని క్యాన్సర్ కలిగించగల పీఏహెచ్ అనే రసాయనాల గురించి తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఐరోపా సమాఖ్య ఆటస్థలాల్లో వదులుగా వాడే రబ్బరు గుళికలకు 2022 నుంచి పరిమితి పెట్టింది, కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పోత రబ్బరులో టైరు గుళికలు పై పొర కింద జిగురులో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి చేతికి తగిలేది తక్కువ. పై పొర చిరిగి నల్ల గుళికలు బయటపడితే మాత్రం వెంటనే మూయించాలి. టైరు ముక్కలను వదులుగా పరిచే పద్ధతిని నేను సిఫారసు చేయను. 6 అంగుళాల లోతుంటే 10 అడుగుల వరకు అవి కాపాడతాయన్నది నిజమే. కానీ తీగలు పూర్తిగా తీసిన సరుకు ఇక్కడ నమ్మకంగా దొరకదు, మిగిలిన ఉక్కు తీగ చర్మంలో దిగుతుంది. పైగా చిన్నపిల్లలు ఆ ముక్కలను నోట్లో పెట్టుకుంటారు.

గడ్డి, కృత్రిమ గడ్డి, చెక్క ముక్కలు

సహజ గడ్డి చూపుకు మెత్తగానే ఉంటుంది. ఐరోపా ప్రమాణం మంచి పచ్చికను ఒక మీటరు ఎత్తు వరకు అనుమతిస్తుంది. సీపీఎస్‌సీ అసలు ఒప్పుకోదు, ఎందుకంటే గడ్డి అరిగిపోతుంది, కింది మట్టి గట్టిపడుతుంది. ఉయ్యాల కింద గరిక కొన్ని వారాల్లోనే చచ్చిపోతుందని అందరం చూసిందే. పరుగెత్తే చోటుకు గడ్డి చక్కగా ఉంటుంది, ఎక్కే పరికరం కిందికి మాత్రం వద్దు.

కృత్రిమ గడ్డి విషయంలో మోసపోవడం తేలిక. 35, 40 మిల్లీమీటర్లని చెప్పేది పోచల పొడవు. పడినప్పుడు ఆ పోచలు వంగిపోతాయి, కింద కాంక్రీటే తగులుతుంది. దాని కింద దెబ్బను మింగే ప్రత్యేకమైన పరుపు వేసి, రెండూ కలిపి పరీక్షించిన పత్రం చూపిస్తే ఒప్పుకోవచ్చు. ఎండలో వేడెక్కే సమస్య దీనికీ ఉంది.

చెక్క ముక్కలు విదేశాల్లో బాగా వాడతారు. 9 అంగుళాల లోతుతో 10 అడుగుల ఎత్తు వరకు కాపాడతాయి. మన దగ్గర చెదలు, వాన రెండూ వాటిని బతకనివ్వవు. చెదలకు మందు కొడితే అది పిల్లల చేతికి అంటుతుంది. సన్న గులకరాళ్లు ముక్కుల్లో, చెవుల్లో దూరతాయి. బడికి వెళ్లే వయసు రాని పిల్లలున్న చోట వాటి మాటే వద్దు.

స్లాబు మీద ఆటస్థలం

నగరాల్లో ఇప్పుడు చాలా ఆటస్థలాలు సెల్లార్ పార్కింగ్ పైకప్పు మీదే ఉంటున్నాయి. ఒక చదరపు మీటరులో 30 సెంటీమీటర్ల పొడి ఇసుక బరువు సుమారు 480 కిలోలు. 5 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవున్న గుంతకు 14 టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకా పెరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా స్లాబు మీద ఇసుక పోయకండి. 80 మిల్లీమీటర్ల రబ్బరు బరువు అందులో అయిదో వంతు కూడా ఉండదు. ఇక్కడ రబ్బరే దారి. అయితే ముందు వాటర్‌ప్రూఫింగ్ సరిచూసి, పరికరాల బోల్టులు ఆ పొరను చీల్చకుండా చూసుకోవాలి.

అంగన్‌వాడీకి, చిన్న ప్రాథమిక పాఠశాలకు నేను సూచించేది రెండు మూడు అడుగుల ఎత్తు పరికరాలు, కింద ఇసుక. ఎత్తు తగ్గించడమే అన్నిటికంటే చవకైన భద్రత. 6 అడుగుల జారుడుబల్ల బదులు 3 అడుగులది కొంటే పరికరం మీద, నేల మీద రెండిటా డబ్బు మిగులుతుంది. నాలుగేళ్ల పిల్లల సంబరంలో ఏ తేడా ఉండదు. పెద్ద కాలనీలకు రెండూ కలిపి వేయడం బాగుంటుంది. గేటు నుంచి పరికరాల దాకా, ఒకటి రెండు పరికరాల కిందా రబ్బరు వేస్తే చక్రాల కుర్చీ వెళ్తుంది. మిగిలిన చోట ఇసుక పోయవచ్చు.

వర్క్ ఆర్డరులో నాలుగు మాటలు తప్పక రాయించండి. పరికరం వారీగా పడే ఎత్తు, దానికి తగిన మందం లేదా లోతు, పరుపు విస్తీర్ణం, ఆ మందానికే ఇచ్చిన పరీక్ష ధ్రువపత్రం. బిల్లులో కొంత భాగాన్ని మొదటి వానాకాలం దాటేదాకా ఆపి ఉంచండి. నీరు ఎక్కడ నిలిచిందో, అంచు ఎక్కడ లేచిందో, ఇసుక ఎక్కడికి కొట్టుకుపోయిందో దసరా నాటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ లోపాలు సరిచేయించాకే మిగతా డబ్బు చెల్లించండి.